ప్రాగ్ చూడటానికి చిట్టీ ఇప్పుడే పాడాలా?

ప్రశ్న: నేను కరీంనగర్ జిల్లాలో ప్రభుత్వ టీచర్‌ను, వయసు 51. మావారికి చిన్న బట్టల షాపు ఉంది, షుగర్ కూడా ఉంది. మా అమ్మాయి జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఎంఎస్ చేస్తోంది. వచ్చే మే సెలవుల్లో వెళ్లి వారం రోజులు తన దగ్గర ఉండి, ముగ్గురం కలిసి మూడు రాత్రులు ప్రాగ్‌లో గడపాలని ఆశ. రూ.5 లక్షల చిట్టీ కడుతున్నాను. 25 నెలల్లో ఈ జూన్‌కు 9వ నెల. ఇప్పుడు పాడితే లక్షా పది వేలు పోతుంది. 16వ నెలకు 60 వేల దగ్గర ఆగుతుందని అంటున్నారు. మావారేమో పర్సనల్ లోన్ తీసుకుందాం, 14 శాతానికి ఇస్తామంటున్నారు అంటున్నారు. ఏజెంటు మాత్రం ఎనిమిది దేశాలు, పది రోజులు, ఇద్దరికీ రూ.5.2 లక్షల ప్యాకేజీ చెబుతున్నాడు. అమ్మాయి ‘ప్రాగ్ ఖర్చు నేను చూసుకుంటా’ అంటోంది. చదువు లోన్ రూ.18 లక్షలు, దాని వడ్డీ నెలనెలా కడుతున్నాం. ఏం చేయమంటారు?

జవాబు: టీచర్ గారూ, వెళ్లండి. మీ లెక్కలో ఈ ప్రయాణం పడుతుంది. కాకపోతే చిట్టీ ఇప్పుడే పాడకండి, జనవరి దాకా ఆగండి.

మే ప్రయాణానికి జూన్‌లో డబ్బు చేతికొస్తే చేసేదేమీ లేదు. జనవరికి మీ చిట్టీ 16వ నెలలో ఉంటుంది. అప్పుడు పాడితే 60 వేలు పోయి రూ.4.4 లక్షలు వస్తాయి. ఇప్పుడైతే రూ.3.9 లక్షలే. ఏడు నెలలు ఓపిక పట్టినందుకు 50 వేలు మిగులుతున్నాయి. మీరు ముగ్గురు ప్రాగ్‌లో పెట్టే ఖర్చులో సగం అది. పర్సనల్ లోన్ సంగతి: రూ.4 లక్షలు 14 శాతానికి మూడేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు రూ.13,670, మొత్తం వడ్డీ 92 వేలు. చదువు లోన్ వడ్డీ, చిట్టీ వాయిదా కట్టుకుంటూ దీన్ని కూడా నెత్తికెత్తుకుంటే ఏదో ఒక నెల షాపు డబ్బు తీసి సర్దాల్సి వస్తుంది. ఆ దారి వద్దు.

జనవరిలోనే పాడమనడానికి ఇంకో కారణం వీసా. షెన్‌గెన్ వీసాకు (యూరప్‌లోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే ఒకే వీసా) బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతారు. అప్లై చేసే ముందు వారం ఖాతాలో ఒక్కసారిగా నాలుగు లక్షలు పడితే, ఎవరి దగ్గరో తెచ్చి చూపించారనే అనుమానం వస్తుంది. జామీను కాగితాలన్నీ అయ్యి చిట్టీ డబ్బు చేతికి రావడానికి ఎలాగూ కొన్ని వారాలు పడుతుంది. ఫిబ్రవరికల్లా ఖాతాలో పడితే మార్చిలో అప్లై చేయొచ్చు. చిట్టీ పాస్‌బుక్, పాట తాలూకు రసీదు జత చేస్తే డబ్బు ఎక్కడిదో చెప్పడానికి టెన్షన్ ఉండదు. వీసా ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే ఇస్తారు కాబట్టి తొందర కూడా లేదు. ఎక్కువ రాత్రులు ఉండేది జర్మనీలో కనుక జర్మనీ వీసాకే అప్లై చేయాలి. అదే వీసా ప్రాగ్ ఉన్న చెక్ దేశానికీ చెల్లుతుంది. ఫీజు మనిషికి 90 యూరోలు, సర్వీసు ఛార్జీ అదనం. రాకపోతే ఆ డబ్బు తిరిగి ఇవ్వరు. అందుకే విమానం టికెట్‌లో రద్దు చేస్తే ఎంత పోతుందో చూసి కొనండి. హోటల్ మాత్రం ఉచితంగా రద్దు చేసుకోగలిగేదే తీసుకోండి. కనీసం 30 వేల యూరోల వైద్య బీమా తప్పనిసరి. మీవారికి షుగర్ ఉందని బీమా ఫారంలో రాయండి. రెండు మూడొందలు ప్రీమియం తగ్గుతుందని దాచిపెడితే, అవసరం పడ్డ రోజున క్లెయిమ్ తిరస్కరిస్తారు.

ఏజెంటు ప్యాకేజీ గురించి ఎక్కువ రాయను. పది రోజుల్లో ఎనిమిది దేశాలంటే మీరు చూసేది బస్సు కిటికీ, అమ్మాయితో ఉండేది ఒక పూట. పైగా విదేశీ టూర్ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే ఆదాయ పన్ను) వసూలు చేస్తారు. దీని రేటు బడ్జెట్‌కో తీరుగా మారుతూ వచ్చింది. అది పోయే డబ్బు కాదు, మీ పేరున జమైన పన్నుల చిట్టాలో కనిపిస్తుంది. రిటర్నులో సర్దుకోవచ్చు, లేదా మీ జీతం బిల్లు చేసే అధికారికి (డీడీఓ) చెప్పి జీతంలో కోసే టీడీఎస్‌లో తగ్గించుకోవచ్చు. అయినా అన్నాళ్లు డబ్బు ఇరుక్కోవడం ఎందుకు? టికెట్లు, హోటల్ విడివిడిగా మీరే బుక్ చేసుకుంటే ఈ గొడవే లేదు.

నా అంచనా ఇదీ. మే నెల రద్దీలో ఇద్దరికీ విమానం లక్షన్నర. వీసా, బీమా కలిపి 30 వేల లోపు. డ్రెస్డెన్‌లో వారం అద్దె గది, తిండి కలిపి లక్ష. ప్రాగ్‌లో ముగ్గురికీ మూడు రాత్రుల గది, భోజనాలు, రైలు, టికెట్లు అన్నీ కలిపి మరో లక్ష. మొత్తం రూ.3.8 లక్షలు. మిగిలిన 60 వేలు చేతిలో ఉంచుకోండి, యూరో ధర మన చేతిలో లేదు కదా. డ్రెస్డెన్‌లో అమ్మాయి వంటగది ఉంది కాబట్టి బియ్యం, కారం, ఊరగాయ పట్టుకెళ్లండి. సకినాలూ పట్టుకెళ్లొచ్చు. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి తేనివ్వరు.

ప్రాగ్‌కు లక్ష చాలా అంటారేమో. చాలు. డ్రెస్డెన్ 1945 ఫిబ్రవరి బాంబు దాడుల్లో కాలిపోయింది. ప్రాగ్ పాత నగరం మాత్రం ఆ యుద్ధంలో చాలావరకు బతికి బట్టకట్టింది. కాబట్టి అక్కడ చూడాల్సింది ఎక్కువగా వీధుల్లోనే ఉంది, దానికి టికెట్ లేదు. 1357లో మొదలుపెట్టిన చార్లెస్ వంతెన మీద ఎన్నిసార్లు నడిచినా డబ్బులివ్వక్కర్లేదు. 1410 నాటి ఖగోళ గడియారం గంట గంటకీ బొమ్మలను తిప్పి చూపిస్తుంది, అదీ ఉచితమే. కోట ఆవరణలోకి వెళ్లడానికీ డబ్బు లేదు. సెయింట్ వైటస్ చర్చి లోపలంతా, పాత రాజభవనం చూడాలంటే టికెట్ తీసుకోవాలి. అది వరసగా రెండు రోజులు చెల్లుతుంది కనుక ఒకే రోజు మోకాళ్లు అరగదీసుకోవద్దు. పాత నగరం చౌరస్తాలోనే గది కావాలనుకోకండి. వినోహ్రాడీ, కార్లీన్ లాంటి పేటల్లో తక్కువకు దొరుకుతాయి, ట్రామ్ ఎక్కితే పావుగంట. డ్రెస్డెన్ నుంచి రైలు రెండున్నర గంటల లోపే. టికెట్ ముందే కొంటే చాలా తేడా ఉంటుంది.

డబ్బు పోయేదల్లా మారకం దగ్గర. చెక్ దేశంలో యూరో కాదు, కొరునా. యూరోకు సుమారు 24, 25 కొరునాలు వస్తాయి. పర్యాటకులు తిరిగే వీధుల్లో ‘కమీషన్ సున్నా’ అని పెద్ద బోర్డు పెట్టి, రేటులోనే కోసేసే దుకాణాలు ఉంటాయి. నోటు ఇచ్చే ముందే ‘వంద యూరోలకు నా చేతికి ఎన్ని కొరునాలు వస్తాయి?’ అని అడగండి. 2,400కు దగ్గరగా చెప్పకపోతే బయటికి నడవండి. ఒకవేళ మార్చేశాక మోసం తెలిస్తే రసీదు పారేయకండి. 2019 నుంచి అక్కడి చట్టం ప్రకారం వెయ్యి యూరోల లోపు మారకాన్ని మూడు గంటల్లో రద్దు చేసుకోవచ్చు. రోడ్డు మీద మంచి రేటు ఇస్తానంటూ వచ్చేవాడితో మాటే వద్దు, చేతిలో వేరే దేశపు పనికిరాని నోట్లు పెడతాడు. మన ఫారెక్స్ కార్డుల్లో సాధారణంగా కొరునా ఉండదు, యూరోలోంచి మార్చి అదనపు ఛార్జీ వేస్తారు. అందుకే మార్కప్ లేని కార్డు ఒకటి చూసుకోండి. మెషీన్ ‘రూపాయల్లోనా, కొరునాల్లోనా’ అని అడిగితే కొరునాలే నొక్కండి. ఇంకోటి, చౌరస్తా దుకాణాల్లో కాల్చిన పంది మాంసం ధర వంద గ్రాములకు రాసి ఉంటుంది. ప్లేటు ధర అనుకున్నవాళ్లు బిల్లు చూసి గుడ్లు తేలేస్తారు.

అమ్మాయి ఖర్చు పెట్టుకుంటానన్నది చూసి మురిసిపోండి, ఒప్పుకోకండి. బ్లాక్డ్ అకౌంట్ (జర్మనీ వీసా కోసం ముందే డబ్బు వేసి, నెలకింత చొప్పునే తీసుకోగలిగే ఖాతా) నుంచి విద్యార్థికి నెలకు వచ్చేది 992 యూరోలు. అందులోనే అద్దె, బీమా, తిండి. పైగా అది మీరు వడ్డీ కడుతున్న లోన్ డబ్బే. పార్ట్‌టైమ్ జీతంలోంచి ఒక రాత్రి భోజనం పెట్టిస్తానంటే సరే.

అన్నిటికంటే ముందు, విదేశీ ప్రయాణానికి మీ శాఖ అనుమతికి దరఖాస్తు పెట్టండి. అది పైదాకా వెళ్లి రావడానికి ఎంత కాలం పడుతుందో మీకే బాగా తెలుసు. ఎల్టీసీ (ఉద్యోగులకిచ్చే సెలవు ప్రయాణ రాయితీ) పన్ను మినహాయింపు మన దేశంలో ప్రయాణాలకే కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోవద్దు.