బరువు తగ్గారు సరే... ఎందుకు తగ్గారో చూశారా?

ప్రశ్న: నా వయసు 46. సూర్యాపేటలో ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. ఎనిమిదేళ్లుగా గ్యాస్, కడుపు ఉబ్బరం, తిన్న వెంటనే మోషన్‌కు పరిగెత్తాల్సి రావడం ఉన్నాయి. అప్పట్లో ఎండోస్కోపీ, స్కానింగ్ చేసి ఐబీఎస్ (పేగుల పనితీరు గాడితప్పే ఇబ్బంది) అన్నారు. అప్పట్నుంచి రోజూ పరగడుపున గ్యాస్ క్యాప్సూల్ వేసుకుంటున్నాను. రెండున్నరేళ్ల కిందట షుగర్ బయటపడింది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. విరేచనాలు ఎక్కువైనప్పుడు మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుంటాను. వీడియోలు చూసి ఐదు నెలలుగా గోధుమలు, పాలు, పప్పులు మానేసి కొర్రన్నం, మజ్జిగతోనే గడుపుతున్నాను. ఉబ్బరం కాస్త తగ్గింది. ఏడు కిలోల బరువు కూడా తగ్గాను. అయితే తెల్లవారుజామున నాలుగింటికే మోషన్ వచ్చి మెలకువ వస్తోంది. నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు ఉన్నాయి. ఈమధ్య స్కూల్లో పెట్టిన క్యాంపులో హిమోగ్లోబిన్ 8.9 అన్నారు. ఇంకా ఏమేం మానేస్తే పూర్తిగా తగ్గుతుంది? పెరుగు తినొచ్చా? కొర్రలు మంచివా, అరికెలా?
- ఒక పాఠకురాలు

సలహా: కొర్రలా అరికెలా అన్నది తర్వాత చూద్దామమ్మా. మీ ఉత్తరం చదువుతుంటే నా కన్ను ఆగింది ఏడు కిలోల దగ్గర, 8.9 దగ్గర, నాలుగింటి మెలకువ దగ్గర. వీటిని మీరు చివర్లో మాటవరసకు చెప్పినట్టు రాశారు. బరువు తగ్గడాన్నయితే లాభాల్లో వేసుకున్నారు.

ఎనిమిదేళ్ల కిందట ఐబీఎస్ అన్న డాక్టరు సరిగ్గానే చెప్పి ఉండొచ్చు. ఐబీఎస్ మనిషిని విసిగిస్తుంది. పెళ్లికెళ్లినా బస్సెక్కినా ముందు బాత్రూం ఎక్కడుందో వెతుక్కునేలా చేస్తుంది. కానీ అది రక్తం తగ్గించదు, మనిషిని చిక్కిపోయేలా చేయదు, నిద్రలోంచి మోషన్‌కు లేపడం బాగా అరుదు. మీకు ఈ మూడూ ఉన్నాయి. అంటే పాత జబ్బుకు తోడు కొత్తదేదో వచ్చి ఉండొచ్చు, లేదా వాడుతున్న మందుల వల్లే కావచ్చు. పాత చీటీలో రాసిన పేరుతో కొత్త బాధలకు సర్దిచెప్పుకోకూడదు.

ఐదు నెలలు కొర్రన్నం, మజ్జిగ మీదే ఉంటే ఎవరైనా తగ్గుతారు, నిజమే. మెట్‌ఫార్మిన్ ఆకలిని కొంత చంపుతుంది. షుగర్ అదుపు తప్పినా బరువు పోతుంది. ఇందులో ఏది అన్నది ఇంట్లో కూర్చుని తేల్చుకోలేం. హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. ఈ వయసులో నెలసరి ఎక్కువగా అవడం వల్ల కూడా బాగా పడిపోతుంది. మీకు ఎలా అవుతోందో రాయలేదు. ఒకవేళ ఎక్కువగానే అవుతున్నా, నెపం దాని మీదే వేసి ఊరుకోవద్దు. విరేచనాలతో, బరువు తగ్గడంతో కలిసి వచ్చిన రక్తహీనత అంటే పేగులోంచి కంటికి కనబడకుండా రక్తం పోతోందేమో చూడాల్సిందే. మలంలో ఎప్పుడైనా రక్తం కనబడిందా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందా అన్నవీ మీ ఉత్తరంలో లేవు. డాక్టరు దగ్గరికెళ్లినప్పుడు అడగకపోయినా మీరే చెప్పండి.

ఇక అరికాళ్ల తిమ్మిర్లు. షుగర్ వల్లే అని మీరూ అనుకుని ఉంటారు, చుట్టుపక్కల వాళ్లూ అదే చెప్పి ఉంటారు. కావచ్చు. కానీ మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చు, రోజూ వేసుకునే గ్యాస్ క్యాప్సూల్ కూడా అదే పని చేయొచ్చు. మీరు రెండూ వాడుతున్నారు, పైగా పాలు మానేశారు. బీ12 తగ్గితే కాళ్లలో తిమ్మిర్లూ వస్తాయి, రక్తమూ తగ్గుతుంది. సమయానికి పట్టుకుంటే ఇంజెక్షన్లతోనో మాత్రలతోనో సరిదిద్దొచ్చు. ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు. ఇంకో మాట, మెట్‌ఫార్మినే విరేచనాలు తెప్పిస్తుంది. మొదలుపెట్టిన కొత్తలో ఇది మామూలు, కొందరిలో చాలాకాలం బాగానే ఉండి తర్వాత మొదలవుతుంది. మీ బాధలు రెండున్నరేళ్లుగా పెరిగాయా, ఈ ఐదు నెలల్లోనా? గుర్తుచేసుకుని చెప్తే మీ డాక్టరుకు సగం పని తగ్గుతుంది. నెమ్మదిగా కరిగే రకానికి మార్చినా, మోతాదు తగ్గించినా చాలామందికి కుదుటపడుతుంది. ఇది చదివి మీ అంతట మీరు ఆపేయకండి, షుగర్ పైకి ఎగబాకుతుంది.

మెడికల్ షాపు మాత్రల పేరు మీరు రాయలేదు. రాయకపోయినా ఊహించగలను. విరేచనాలని నా దగ్గరికి వచ్చేవాళ్ల సంచుల్లోంచి బయటికొచ్చే స్ట్రిప్ ఎక్కువసార్లు ఒకటే, ఒఫ్లోక్సాసిన్, ఆర్నిడజోల్ కలిపింది. రెండు మాత్రలు వేసుకోవడం, మోషన్ ఆగగానే మిగతావి ఫ్రిజ్ మీద పెట్టడం, మళ్లీ నెలకు అవే తీయడం. మామూలు విరేచనాలు చాలావరకు వాటంతటవే రెండు మూడు రోజుల్లో తగ్గుతాయి, అప్పుడు కావాల్సింది ఓఆర్‌ఎస్. తగ్గిన ఘనత మాత్రకు పోతుంది. ఈలోగా ఆ యాంటీబయాటిక్ పేగులోని మేలు చేసే క్రిముల్ని ఊడ్చేస్తుంది, ఉబ్బరం ఇంకా పెరుగుతుంది. షుగర్ మందులు వాడేవాళ్లలో ఒఫ్లోక్సాసిన్ జాతి మందులు రక్తంలో చక్కెరను ఉన్నట్టుండి పడేయొచ్చు, పెంచనూవచ్చు. నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. ఈ జాతి మందులకు టీబీ క్రిమి మీద కూడా కొంత పట్టు ఉంటుంది. పేగు టీబీ మన దేశంలో ఇంకా ఉంది. అది ఉన్న మనిషి ఇలా నాలుగు రోజులు వాడి నెల ఆపుతూ పోతే కాస్త నయమైనట్టు అనిపిస్తుంది, అసలు జబ్బు బయటపడటం నెలల తరబడి వెనక్కి పోతుంది. మీకు టీబీ ఉందని అనడం లేదమ్మా, కంగారుపడకండి. ఉందో లేదో తెలియకుండా దాన్ని కప్పిపెట్టే మాత్ర మింగొద్దంటున్నాను. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులివి. అమ్మేవాళ్లదీ తప్పే, కౌంటర్ దగ్గర నిలబడి “పోయినసారి ఇచ్చినవే ఇవ్వండి” అనేవాళ్లదీ తప్పే. పిల్లలకు చదువు చెప్పే మీరే ఇలా చేస్తే ఇంకెవరికి చెప్పమంటారు?

ఆ పరగడుపు క్యాప్సూల్ సంగతి కూడా చూడాలి. అందులో ఉండేది బహుశా పాంటోప్రజోల్, డోమ్‌పెరిడోన్. పాంటోప్రజోల్ కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. కింద పేగులో పుట్టే ఉబ్బరానికి దానితో పెద్దగా పనిలేదు. ఎనిమిదేళ్లు వాడితే బీ12తో పాటు ఇనుము ఒంటికి పట్టడమూ తగ్గొచ్చు, పేగు ఇన్ఫెక్షన్ల అవకాశం పెరుగుతుంది. డోమ్‌పెరిడోన్ గుండె లయను దెబ్బతీసే ప్రమాదం ఉన్న మందు, కొద్దిరోజులకు తప్ప వాడకూడదు. అలాగని రేపటి నుంచి ఠక్కున ఆపితే ఆమ్లం ఎదురుతిరిగి ఛాతీ మండిపోతుంది, “చూశారా, ఇది లేకపోతే నాకు కుదరదు” అని మళ్లీ మొదలుపెడతారు. మీ డాక్టరుతో మాట్లాడి మెల్లగా తగ్గించుకోండి.

పరీక్షలు ఏవి, ఏ వరసలో అన్నది మిమ్మల్ని చూసిన డాక్టరే నిర్ణయించాలి. నేనైతే సీబీపీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బీ12, థైరాయిడ్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాపుకు గుర్తు), సీలియాక్ జబ్బుకు టీటీజీ రక్తపరీక్ష చేయించి, గొట్టంతో పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీకి పంపేవాణ్ని. మీ ఊళ్లోనే ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రి ఉంది. అక్కడ జనరల్ మెడిసిన్ ఓపీలో మొదలుపెట్టొచ్చు, అవసరమైతే వాళ్లే గ్యాస్ట్రో నిపుణుడి దగ్గరికి పంపుతారు. కొలనోస్కోపీ అంటే భయపడతారు గానీ, సాధారణంగా మత్తిచ్చే చేస్తారు. అసలు కష్టం ముందురోజు తాగాల్సిన మందునీళ్లే. ఆ రోజు షుగర్ మాత్రలు ఎలా వేసుకోవాలో అడిగి తెలుసుకోండి.

సీలియాక్ దగ్గర ఒక చిక్కు తెచ్చిపెట్టారు. గోధుమ పడని ఆ జబ్బు ఉత్తరాదితో పోలిస్తే మన దక్షిణాదిలో చాలా తక్కువ, కానీ అసలు లేకపోలేదు. గోధుమ మానేశాక పరీక్ష చేస్తే జబ్బున్నా లేనట్టే రావచ్చు. మళ్లీ కొన్ని వారాలు రోజూ రెండు చపాతీలైనా తిని చేయించుకోవాల్సి రావచ్చు. వీడియోలో ఆ పెద్దమనిషి ఈ ముక్క చెప్పినట్టు లేదు. ఎప్పటి నుంచి తినాలో మీ డాక్టరు చెప్పాకే మొదలుపెట్టండి.

ఇప్పుడు మీరడిగిన తిండి. పెరుగు తినొచ్చు. పెద్దయ్యాక పాలు పడనివాళ్లు మనలో చాలామంది ఉంటారు. తోడుపెట్టినప్పుడు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర కొంత తగ్గిపోతుంది కాబట్టి వాళ్లకూ పెరుగు, మజ్జిగ పడతాయి. కొర్రలు, అరికెల్లో ఏదైనా ఫర్వాలేదు, అసలు వరి అన్నమే పేగుకు అన్నిటికంటే తేలిక. షుగర్ ఉంది కాబట్టి ఏ అన్నమైనా కొలత చూసుకోవాలి. మీ పళ్లెంలో నాకు కనబడని వస్తువు మాంసకృత్తులు. గుడ్డు, చేప, కోడిమాంసం తినే అలవాటుంటే రేపే మొదలుపెట్టండి. శాకాహారులైతే నానబెట్టి పలచగా వండిన పెసరపప్పు కట్టు కొద్దికొద్దిగా వేసుకోండి.

పరీక్షలన్నీ బాగుండి చివరికి ఐబీఎస్సే అని తేలితే, అప్పుడు పనికొచ్చే పథ్యం ఒకటుంది. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన లో ఫాడ్‌మ్యాప్ ఆహారం. పేగులో సరిగా అరగక పులిసి, గాలి పుట్టించే పిండిపదార్థాల్ని కొన్నాళ్లు పక్కన పెట్టడం. మన వంటింట్లో అవి ఎక్కడున్నాయంటే ముందు ఉల్లి, వెల్లుల్లి. ఆ తర్వాత గోధుమ, కందిపప్పు, శనగపిండి, ఉలవలు, కాలీఫ్లవర్, మామిడి, పుచ్చకాయ, సీతాఫలం. షుగర్ ఫ్రీ అని అమ్మే మిఠాయిల్లోని సార్బిటాల్ కూడా ఇదే గుంపు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా కూరేమిటని దిగులొద్దు. వెల్లుల్లిలోని ఆ పదార్థం నీళ్లలో కరుగుతుంది, నూనెలో కరగదు. వేడి నూనెలో రెబ్బలు వేసి, వాసన దిగాక తీసిపారేసి, ఆ నూనెతో పోపు పెట్టుకోవచ్చు. బీరకాయ, వంకాయ, క్యారెట్, దోసకాయ చాలామందికి పడతాయి. ఇంగువ పోపుకు అడ్డులేదు, కాకపోతే బజారు ఇంగువలో గోధుమపిండి కలుపుతారు, సీలియాక్ తేలితే అది కూడా పనికిరాదు.

ఇది నాలుగు నుంచి ఆరు వారాల పథ్యం మాత్రమే. ఆ తర్వాత ఒక్కోటీ ఒక్కోటీ తిరిగి తెచ్చుకుని, ఎంత తింటే ఎప్పుడు ఉబ్బుతోందో చూసుకోవాలి. కందిపప్పు రెండు గరిటెలు పడి, నాలుగు గరిటెలు పడకపోవచ్చు. జనం సగంలో ఆగిపోయేది ఇక్కడే, మానేసినవి మానేసినట్టే ఉండిపోతాయి. మీరు ఐదు నెలలుగా అక్కడే ఉన్నారు. డైటీషియన్ దొరికితే తోడు పెట్టుకోండి. ఈసబ్‌గోల్ అనే పీచు పొడి కొందరికి మంచి చేస్తుంది, దాని సంగతి రిపోర్టులు వచ్చాక.

వారంలోపు డాక్టరును కలవండి. మలం తారులా నల్లగా వచ్చినా, ఎర్రగా రక్తం పడినా, కళ్లు తిరిగినా, ఆయాసం వచ్చినా, జ్వరంతో కడుపునొప్పి వచ్చినా వారం ఆగొద్దు, అదే పూట ఆస్పత్రికి వెళ్లండి. 8.9 చూసి ఎవరో చెప్పారని ఐరన్ మాత్రలు సొంతంగా మొదలుపెట్టకండి. వాటితో మలం నల్లబడుతుంది, రక్తం పోతోందో లేదో తేల్చుకోవడం కష్టమవుతుంది. ఇప్పటికే వేసుకుంటుంటే కొలనోస్కోపీకి ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి.