బాబు డీఎన్ఎస్ అంటున్నాడు, మీరు ఏఐ కోర్సు అంటున్నారు

కావలి నుంచి ఒక తండ్రి రాశారు: "మావాడు బీఎస్సీ కంప్యూటర్స్ చివరి ఏడాది. ఒంగోలులో వాళ్ళ మామయ్య షాపు వెబ్‌సైట్‌ను కొత్త సర్వర్‌కి మార్చాడు. నా ఫోన్‌లో కొత్తది వస్తోంది, మామయ్యకి పాతదే వస్తోంది. రాత్రంతా ఏవో సర్వర్లు చెక్ చేస్తూ కూర్చున్నాడు. ఈ పనికిమాలిన పనితో ఉద్యోగం వస్తుందా? లక్షన్నర కట్టి మూడు నెలల ఏఐ కోర్సులో చేర్చమంటున్నారు. రెండిట్లో ఏది మంచిది?"

అయ్యా, నలుగురి పిల్లలూ ముందుకెళ్ళిపోతే మనవాడు మిగిలిపోతాడేమోనన్న భయం మీది. చాలా ఇళ్ళలో చూస్తున్నాను. కానీ 'పనికిమాలిన' అన్న మాట బాబు ముందు అనుంటే మాత్రం తప్పు చేశారు. ఏం వెతుకుతున్నావురా అని ఒక్కసారైనా అడిగారా?

వెబ్‌సైట్ పేరు (డొమైన్) చెబితే దాని సర్వర్ అడ్రస్ చెప్పే ఏర్పాటే డీఎన్ఎస్. డొమైన్‌కి కొత్త అడ్రస్ ఇస్తే అది తనంతట తాను లోకమంతా పాకిపోదు. ఒక్కో నెట్ కంపెనీ సర్వర్ ఇదివరకు తెచ్చుకున్న జవాబునే టీటీఎల్ అనే గడువు తీరేదాకా చెబుతుంది. ఆ గడువు 86400 సెకన్లయితే ఒక రోజు. అందుకే మీకొకటి, మామయ్యకొకటి. ఇలాంటప్పుడు డీఎన్ఎస్ సర్వర్లను ప్రశ్నించే డిగ్ అనే కమాండ్‌తో ముందు ఆ డొమైన్ అసలు నేమ్ సర్వర్లను, అంటే దాని అడ్రస్ రాసి ఉండే సర్వర్లను, విడివిడిగా అడగాలి. తర్వాత ఎవరడిగినా జవాబిచ్చే డీఎన్ఎస్ సర్వర్లయిన గూగుల్ 8.8.8.8ని, క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.1ని, ఆఖరున ఇంటి నెట్ సర్వర్‌ని. అసలు సర్వర్లన్నీ కొత్త అడ్రసే చెబుతుంటే గడువు తీరేదాకా ఆగితే చాలు. వాటిలోనే ఒకటి పాతది చెబుతుంటే ఎన్నాళ్ళాగినా లాభం లేదు, దాన్ని సరిచేయాలి. ఈ తేడా చూడకుండా '48 గంటలు ఆగండి' అని ఫోన్ పెట్టేసే సపోర్ట్ వాళ్ళున్నారు. మీవాడు అలా వదిలేయలేదు. మార్చడానికి ముందురోజే టీటీఎల్‌ను 300 సెకన్లకి తగ్గించి ఉంటే ఇంత జాగారం ఉండేది కాదు, అది ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఏఐ కోర్సు మీద నాకు అనుమానాలున్నాయి, దాచను. ఏఐ చెడ్డదని కాదు. లెక్కలు, స్టాటిస్టిక్స్ గట్టిగా ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి కూర్చుంటే పట్టుబడే విద్య అది. మూడు నెలల్లో నేర్పి ఉద్యోగం ఖాయమనే వాళ్ళను అడగండి: కాగితం మీద రాసిస్తారా? రాకపోతే ఫీజు వెనక్కిస్తారా? బాబుకి లెక్కలంటే ఇష్టమో కాదో కూడా మీరు రాయలేదు. ఇక బాబు పని విలువంటారా, 2025 అక్టోబరు 20న సర్వర్లు అద్దెకిచ్చే అమెజాన్ క్లౌడ్‌లో ఒక డీఎన్ఎస్ లోపంతో ఎన్నో యాప్‌లు గంటల తరబడి ఆగిపోయాయి. ఏఐ నడిచేదీ సర్వర్ల మీదే, వాటిని చూసుకునే మనుషులు ఉండాల్సిందే.

మీవాడి దారిలో మొదట జీతం తక్కువే, నైట్ షిఫ్టులూ ఉంటాయి. సర్వర్లను నడిపే లైనక్స్, నెట్‌వర్కింగ్ పట్టుబడితే సిస్టమ్ అడ్మిన్, క్లౌడ్ పనుల్లోకి వెళ్ళొచ్చు. టెన్షన్ పడకండి. తప్పెక్కడుందో తేలేదాకా లేవని పిల్లవాడు ఉద్యోగంలో నిలబడతాడు.

ఆ లక్షన్నర ప్రస్తుతానికి బ్యాంకులోనే ఉండనివ్వండి. సొంతంగా ఒక డొమైన్ కొనుక్కోవడానికి, చిన్న సర్వర్ అద్దెకు తీసుకోవడానికి కొద్దిగా డబ్బివ్వండి. పరీక్షలయ్యాక చెన్నైలోనో హైదరాబాద్‌లోనో హోస్టింగ్ సపోర్ట్ ఉద్యోగాలకి అప్లై చేయమనండి. ఇంటర్వ్యూలో మామయ్య వెబ్‌సైట్ సంగతి మొదటినుంచీ చెప్పమనండి.