గల్లాపెట్టె ముందు పంచశీల

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికే జవాబు రాస్తున్నాను. మొదటి ఉత్తరం నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు, ఎక్కువ చోటు దానికే ఇచ్చాను. ఈ శీర్షిక కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక్క మాట. నేను మహారాష్ట్రలోని బల్లార్షాలో పుట్టి పెరిగాను. మా నాన్న కరీంనగర్ వైపు నుంచి బొగ్గు గని పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. నేను ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను. 1999లో ఇగత్‌పురిలో మొదటిసారి పది రోజుల విపశ్యన (బౌద్ధ ధ్యానం) శిబిరం కూర్చున్నాను. భిక్షుణిని కాను, గురువును కాను. మీలాగే ఇంట్లో ఉంటూ సాధన చేసుకునే మనిషిని.

అక్కా, మాది యవత్మాల్ జిల్లా, పాండర్‌కవడా దగ్గర. తాతల కాలంలో ఆదిలాబాద్ నుంచి వచ్చాం. నాకు విత్తనాలు, ఎరువులు, పురుగుల మందుల దుకాణం ఉంది. మొన్న ఏప్రిల్‌లో ఇగత్‌పురి వెళ్లి పది రోజులు కూర్చుని వచ్చాను. అప్పటినుంచి పొద్దున గంట, సాయంత్రం గంట తప్పకుండా కూర్చుంటున్నాను. కానీ ఎర్ర గుర్తు డబ్బా అరలోంచి తీసినప్పుడల్లా లోపల ఏదో గుంజినట్టవుతోంది. పంచశీల అనే ఐదు నియమాల్లో మొదటిది, ప్రాణం తీయనని శీలం తీసుకుని విషం అమ్ముతున్నాను కదా! బ్యాంకు అప్పు ఉంది, ఇద్దరు పిల్లలు చదువుకుంటున్నారు. “నువ్వు అమ్మకపోతే పక్క దుకాణం వాడు అమ్ముతాడు” అంటుంది మా ఆవిడ. దుకాణం మూసెయ్యాలా?

తమ్ముడూ, మీ ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. పక్క దుకాణం వాడు అమ్ముతాడు. అయితే వాడి చెయ్యి సంగతి వాడు చూసుకోవాలి, మీరు అడుగుతున్నది మీ చెయ్యి గురించి.

ముందు దాపరికం లేకుండా ఒక మాట చెప్తాను. ఉపాసకులు, అంటే ఇంట్లో ఉంటూ బుద్ధుడి దారిలో నడిచేవాళ్లు, చెయ్యకూడని వ్యాపారాలు ఐదని బుద్ధుడు చెప్పిన సుత్తం (బోధ) అంగుత్తర నికాయమనే పాళీ గ్రంథంలో ఉంది. ఆయుధాలు, ప్రాణులు, మాంసం, మత్తు పదార్థాలు, విషం. “విసవణిజ్జా” అని పాళీలో స్పష్టంగా ఉంది. ఆ కాలపు విషం వేరు, ఇది పంటకు వేసే మందు అని కొందరు సర్దిచెప్తారు. మన భాషలో జ్వరానికి వేసుకునేదీ మందే, పత్తికి కొట్టేదీ మందే. వార్డులో ముప్పై ఏళ్లు గడిపినదాన్ని, నాకు ఆ సర్దుబాటు నోట రాదు.

ఒక రాత్రి సంగతి చెప్తాను. ఊరు, ఆస్పత్రి పేరు వద్దు. నైట్ డ్యూటీలో ఉండగా పాతికేళ్ల రైతును ట్రాక్టర్ మీద తెచ్చారు. నోట్లోంచి నురగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు సూదిమొనంత అయిపోయాయి, వెల్లుల్లి లాంటి ఘాటు వాసన. డాక్టర్ విరుగుడుగా అట్రోపిన్ మొదలుపెట్టాడు. బట్టలు తీసేసి సబ్బుతో ఒళ్లు కడిగాం. నోరు ఎండిందా, ఛాతీలో గరగర తగ్గిందా అని తెల్లవార్లూ చూస్తూ ఇంజెక్షన్లు ఇస్తూనే ఉన్నాం. ఏ మందు తాగాడో తెలియాలని సీసా తెమ్మంటే, వాళ్ల అన్న జేబులోంచి సీసా తీశాడు. దానికి దుకాణం బిల్లు చుట్టి ఉంది. బిల్లు మీద తేదీ ఆ రోజుదే. చీకటి పడే వేళకు కొన్నాడని అన్న చెప్పాడు. తెల్లారేసరికి పిల్లవాడు పోయాడు. ఆ దుకాణం ఆయన చెడ్డవాడని నేను ఏనాడూ అనుకోలేదు. చీకటి పడే వేళకు ఒంటరిగా వచ్చి, ఒక్క సీసా అడిగినవాడి మొహం ఆయన ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే ఏమయ్యేదో అని మాత్రం ఇప్పటికీ అనుకుంటాను.

తాగినవాళ్ల సంగతి ఇది. కొట్టినవాళ్ల సంగతి మీ జిల్లావాళ్లకు నేను చెప్పాలా? 2017లో యవత్మాల్‌లో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ ఏడు పత్తి మనిషెత్తు పెరిగింది. రెండు మూడు మందులు కలిపి కొట్టారు. ముక్కుకు గుడ్డ లేదు, చేతికి తొడుగు లేదు. పంపు వీపున వేసుకుని, తలమీదుగా పడే తుంపరలో నడిచినవాళ్లలో చాలామంది రోజు కూలీలు.

ఇంత చెప్పి “మూసెయ్యండి” అని ఒక్క ముక్కలో రాసి ఊరుకోవడం నాకు తేలికే. రాయలేను. రేపు పొద్దున మీరు షట్టర్ దించితే అప్పు ఆగిపోతుంది, పిల్లల ఫీజు ఆగిపోతుంది. తీసుకున్న అప్పు ఎగ్గొట్టడం మనది కానిది తీసుకోవడం కిందికే వస్తుంది, అదీ శీలం తప్పడమే. ఒక శీలం కోసం ఇంకో శీలం విరగ్గొట్టుకోవద్దు. బయటికి వచ్చే దారి చూసుకుని, నడుచుకుంటూ రండి. రెండు మూడు సీజన్లు పట్టినా ఫరవాలేదు, మీ మనసులో ఒక గడువు పెట్టుకోండి. గడువు లేకపోతే మీ ఆవిడ మాటే గెలుస్తుంది.

మొదట ఎర్ర గుర్తు డబ్బాలు. లేబుల్ మీద రంగులు మీకు నాకంటే బాగా తెలుసు. అన్నిటికంటే విషం ఎర్రది, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎర్రవి కొత్తగా తెప్పించడం ఈ ఖరీఫ్ నుంచే ఆపండి. ఆ అరలో లింగాకర్షక బుట్టలు పెట్టండి, మన వైపు కామగంధ సాపళే అంటారు కదా, గులాబీ రంగు పురుగు కోసం రైతులు అడుగుతూనే ఉన్నారు. వేపనూనె, వేపపిండి, డ్రిప్ పైపులు, కూరగాయల విత్తనాలు పెట్టండి. ఇందులో లాభం తక్కువని నాకు తెలుసు.

రెండోది, ఉన్న సరుకు అమ్మినంత కాలం ఎలా అమ్ముతారన్నది. చేతి తొడుగులు, మాస్కు కౌంటర్ మీద కనపడేలా పెట్టి, కొన్న ధరకే ఇవ్వండి. రెండు మందులు కలిపి కొట్టమని మీ నోటితో చెప్పకండి. గాలికి ఎదురు కొట్టొద్దని, మధ్యలో బీడీ కాల్చొద్దని, ఇంటికెళ్లగానే సబ్బుతో స్నానం చేసి బట్టలు మార్చుకొమ్మని ప్రతి మనిషికీ చెప్పండి. విసుగొచ్చినా చెప్పండి. చీకటి పడే వేళ, తాగి వచ్చినవాడికి, కళ్లు ఎర్రబడి వచ్చినవాడికి సీసా ఇవ్వకండి. “స్టాకు లేదు, పొద్దున రా” అనాలనిపిస్తుంది. అది అబద్ధమవుతుంది. “ఇప్పుడు ఇవ్వను తమ్ముడూ, కూర్చో, చాయ్ తాగు” అనండి. నిజం చెప్పినట్టూ ఉంటుంది, మనిషి పది నిమిషాలు మీ ముందు కూర్చున్నట్టూ ఉంటుంది.

మూడోది మీరు ఉత్తరంలో రాయలేదు, నేనే అడుగుతున్నాను. ఉద్దెర ఖాతా ఎలా నడుపుతున్నారు? ఉద్దెర పడ్డ రైతు మీరు ఇచ్చిన మందు వద్దనలేడు. ఏది ఇస్తే అది, ఎంత రాస్తే అంత. వాడి చేతికి విషం వెళ్లేది సగం ఆ పుస్తకంలోంచే. వడ్డీ ఎంత వేస్తున్నారో, ఏ మందును అవసరం లేకున్నా అంటగడుతున్నారో ఒక ఆదివారం దుకాణం కట్టేసి ఆ పుస్తకం ముందు కూర్చుని చూడండి. నా దృష్టిలో అది గంట ధ్యానానికి తక్కువ కాదు.

ఇదంతా ఎలా గుర్తు పెట్టుకోవాలి అంటారేమో. బుద్ధుడు తన కొడుకు రాహులుడికి చెప్పిన మాట ఒకటి మజ్జిమ నికాయమనే ఇంకో పాళీ గ్రంథంలో ఉంది. అద్దం దేనికి అని అడిగాడు. చూసుకోవడానికి అన్నాడు రాహులుడు. అలాగే ఏ పని చెయ్యబోతున్నా ముందు చూసుకో, చేస్తున్నప్పుడు చూసుకో, చేశాక చూసుకో, నీకు గానీ ఇతరులకు గానీ బాధ కలిగిస్తుందా అని. ముందు చూసుకోవడం మరిచిపోయినా ఇంకా రెండుసార్లు మిగిలి ఉన్నాయి, నాకు ఆ లెక్క ఎంతో ధైర్యం ఇస్తుంది. మీరు డబ్బా తీసేటప్పుడు గుంజుతోందని రాశారే, ఆ రెండోసారి చూసుకోవడం మీలో అప్పుడే మొదలైంది. దాన్ని టెన్షన్ అనుకుని మాత్రలు వేసుకోకండి.

పత్తి తీత అయ్యాక నాకు మళ్లీ రాయండి. ఎర్ర గుర్తు అర ఖాళీ అయిందో లేదో రాయండి.

అమ్మా, నేను రాజురాలో ఉంటాను. పక్కింటి తాయి (మరాఠీ అక్క) నన్ను ఆదివారం బౌద్ధ విహారానికి తీసుకెళ్లింది. బుద్ధుణ్ణి, ధర్మాన్ని, సంఘాన్ని శరణు కోరే త్రిశరణం, పంచశీల చదువుతుంటే మనసు చాలా నెమ్మదించింది. ఇప్పుడు ఇంట్లో కూడా పొద్దున కాసేపు శ్వాస గమనిస్తూ కూర్చుంటున్నాను. మా అత్తమ్మకు నచ్చడం లేదు. “శనివారం వెంకన్నకు దీపం పెట్టే ఇంట్లో ఇదేంటి, సన్యాసం పుచ్చుకుంటావా” అంటుంది. రెండూ చెయ్యొచ్చా?

బిడ్డా, ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. విడదీసి చెప్తాను.

శ్వాస గమనించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. విపశ్యన శిబిరాల్లో ఆ పది రోజులూ పూజలు, జపాలు పక్కన పెట్టమంటారు, మతం మార్చుకోమని ఎవరూ అడగరు. ఇంట్లో పొద్దున ఇరవై నిమిషాలు కూర్చుంటే మీ వెంకన్న దీపానికి వచ్చే ఇబ్బంది ఏమీ లేదు.

బౌద్ధం స్వీకరించే దీక్ష సంగతి వేరు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో భిక్ఖు చంద్రమణి దగ్గర దీక్ష తీసుకుని, లక్షల మందికి తనే దీక్ష ఇచ్చాడు. రెండు రోజులకు, 16న, మన చంద్రపూర్‌లో ఇచ్చాడు. పక్కింటి తాయి ఇంట్లో పెద్దవాళ్లు ఎవరైనా ఆ రోజు అక్కడ ఉన్నారేమో అడిగి చూడు, ఎంత గర్వంగా చెప్తారో! ఆయన ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో పాత దేవుళ్లను కొలవనన్నది మొదట్లోనే ఉంది. అంటరానితనం కింద నలిగినవాళ్లు దేన్ని వదిలి బయటికి వచ్చారో ఆ మాటలు చెప్తాయి. దీక్ష తీసుకుని, ఇంటికొచ్చి దీపం పెట్టడం కుదరదు. అలా చేస్తే ఆ తాయి వాళ్లు ఇచ్చిన మాటను మనం తేలిక చేసినట్టు. అందుకని తొందరపడకు. విహారానికి వెళ్లు, విను, వర్షావాసంలో, అంటే వానాకాలపు నెలల్లో, బాబాసాహెబ్ రాసిన బుద్ధుడి గ్రంథం చదువుతారు, కూర్చుని విను. దీక్ష తీసుకోవాలో లేదో నీకు తెలిసే రోజు వస్తుంది.

నేను 2006లో తీసుకున్నాను. అప్పటికి మా అమ్మ ఉంది. ఆమె పోయేవరకు ఆమె దీపానికి నువ్వుల నూనె బజారు నుంచి నేనే తెచ్చాను. వత్తి అమ్మే వెలిగించుకునేది. మా మధ్య దాని గురించి ఒక్క గొడవ జరగలేదు.

మీ అత్తమ్మకు సిగాలుడి కథ చెప్పు, ఆమెకు నచ్చుతుంది. తండ్రి చనిపోతూ చెప్పాడని రోజూ తెల్లారే తడిబట్టలతో ఆరు దిక్కులకూ మొక్కే కుర్రవాడు. బుద్ధుడు అతన్ని ఎగతాళి చెయ్యలేదు. తల్లిదండ్రులు తూర్పు, గురువులు దక్షిణం, భార్యాబిడ్డలు పడమర, స్నేహితులు ఉత్తరం, పనివాళ్లు కింది దిక్కు, శ్రమణులు (సన్యాసులు) పై దిక్కు, వాళ్లను సరిగ్గా చూసుకోవడమే దిక్కులకు మొక్కడం అన్నాడు. నువ్వు కూర్చుని లేచాక అత్తమ్మ కాళ్లకు జండూబామ్ రాస్తే సన్యాసం అనే మాట ఆమె నోట మళ్లీ రాదని నా నమ్మకం.

మేడమ్, నేను గనిలో షిఫ్ట్ డ్యూటీ చేస్తాను. ఒక వారం పొద్దున, ఒక వారం రాత్రి. ధ్యానానికి కూర్చుంటే పది నిమిషాల్లో కునుకు వస్తోంది. ఏం చెయ్యాలి? — బల్లార్షా

మా నాన్న మూడు షిఫ్టులూ చేశాడు, మీ కళ్లు ఎలా ఉంటాయో నాకు తెలుసు. పొద్దున నాలుగున్నరకే కూర్చోవాలన్న పట్టుదల వదలండి, అది శిబిరంలో నియమం. డ్యూటీ దిగి, స్నానం చేసి, అన్నం తినకముందు కూర్చోండి. రాత్రి షిఫ్ట్ వారంలో పదిహేను నిమిషాలు చాలు.

కునుకు సంగతి బుద్ధుడికీ తెలుసు. ఆయన ముఖ్య శిష్యుడు మొగ్గల్లానుడంతటివాడు ధ్యానంలో తూలుతుంటే వెళ్లి వరసగా చెప్పాడు. చెవులు లాక్కో, ఒళ్లు రుద్దుకో, లేచి కళ్లు నీళ్లతో కడుక్కో, తలెత్తి చుక్కలను చూడు, అటూ ఇటూ నడువు. ఇవన్నీ చేసి చూడండి. అప్పటికీ నిద్ర వదలకపోతే, ఎప్పుడు లేవాలో మనసులో అనుకుని, కుడి పక్కకు తిరిగి పడుకోమన్నాడు. రాత్రంతా బొగ్గు తవ్వి వచ్చినవారు మీరు. పడుకోండి.