టెక్ సందేహాలు: పార్సిల్ మీద ఏ కోడ్ వేయాలి?

ప్రశ్న: ఆన్‌లైన్‌లో కొండపల్లి బొమ్మలు, పట్టు చీరలు అమ్ముతుంటాను. అమెరికా ఆర్డరు వచ్చినప్పుడల్లా కొరియర్ యాప్ హెచ్‌ఎస్ కోడ్ (వస్తువు ఏ రకమో కస్టమ్స్‌కు చెప్పే అంకెలు) అడుగుతోంది. గూగుల్‌లో ఒకే బొమ్మకు మూడు కోడ్లు కనిపిస్తున్నాయి. ఏఐ చాట్‌బాట్ రోజుకో మాట చెబుతోంది. సరైన కోడ్ చూపించే యాప్ ఏదైనా ఉందా? (విజయవాడ నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: పేరు కొట్టగానే కోడ్ చెప్పే యాప్‌లు బోలెడున్నాయి. టెన్షన్ అంతా వాటితోనే. కస్టమ్స్ వాళ్లకు మీ వస్తువును మీరేమని పిలుస్తారో అక్కర్లేదు. దేనితో చేశారు, ఎందుకు వాడతారు అన్నదే కావాలి.

మీ కొండపల్లి బొమ్మనే తీసుకోండి. పిల్లలు ఆడుకునేదైతే 9503. షోకేసులో పెట్టే అంబారీ ఏనుగో, దశావతారాల సెట్టో అయితే చెక్కతో చేసిన అలంకరణ వస్తువుల హెడింగ్ (కోడ్‌లో మొదటి నాలుగు అంకెలు) 4420 చూడాలి. గూగుల్‌లో కనిపించే 442010 అన్నది పాత కోడ్. 2022లో దాన్ని 442011, 442019 అని రెండు చేశారు. మొదటిది ఉష్ణమండల చెక్కకు, రెండోది మిగతా చెక్కకు. పాత పేజీలు చదివి నేర్చుకున్న చాట్‌బాట్ 442010 అని ధీమాగా చెప్పడంలో వింతేమీ లేదు.

అమెరికా టారిఫ్‌లో (సుంకాల పట్టికలో) 9503కి మామూలు సుంకం సున్నా కదా, అదే వేసేస్తే పోలా అనిపిస్తుంది. వద్దు. పిల్లల ఆటవస్తువు అని మీరే రాసిచ్చాక, అక్కడి భద్రతా చట్టం ప్రకారం ల్యాబ్ పరీక్షలు, సర్టిఫికెట్ ఏవని అడుగుతారు. షోకేసు ఏనుగుకు ఆ గొడవ ఎందుకు? పైగా దేశాలవారీగా వేసే అదనపు సుంకాలు అదే టారిఫ్‌లో 99వ చాప్టర్‌లో విడిగా ఉంటాయి. అసలు వరసలో సున్నా చూసి అంతా ఉచితమనుకోకండి.

ఇక పట్టుచీర. కట్టుకునేదే అయినా మన టారిఫ్‌లో అది బట్టల చాప్టర్‌లో ఉండదు, నేసిన గుడ్డ కింద ఉంటుంది. బరువులో 85 శాతం, ఆపైన పట్టు ఉంటే 500720 దగ్గర వెతకాలి. ఆర్ట్ సిల్క్ పేరుతో అమ్మే పాలిస్టర్ చీరైతే 5407. కుట్టిన జాకెట్టు కూడా పెడితే అది 6206, ఇన్‌వాయిస్‌లో దానికి వేరే లైను. ఇక్కడో చిన్న మెలిక ఉంది. అంచు మడిచి కుట్టినా, కొంగుకు కుచ్చులు ముడివేసినా ఆ గుడ్డను 'మేడప్' వస్తువుగా, అంటే ఉత్త గుడ్డగా కాక తయారైన వస్తువుగా లెక్కించవచ్చని టెక్స్‌టైల్స్ సెక్షన్ నోట్స్‌లో ఉంది. అందుకే ఫాల్, పీకో, కుచ్చులు అన్నీ చేసి పంపేవాళ్లు ఆ నోట్ ఒకసారి చదివి, కస్టమ్స్ బ్రోకర్‌ను అడిగాకే కోడ్ ఖాయం చేసుకోవాలి.

ఎక్కడ చూడాలంటే, మన 8 అంకెల కోడ్‌కు మన కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్ లేదా పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు సీబీఐసీ సైటు. అమెరికా 10 అంకెలకు హెచ్‌టీఎస్ డాట్ యూఎస్‌ఐటీసీ డాట్ గవ్. మొదటి 6 అంకెలు బ్రస్సెల్స్‌లోని ప్రపంచ కస్టమ్స్ సంస్థ ఇచ్చినవి కాబట్టి రెండు చోట్లా ఒకటే. తర్వాతివి ఏ దేశానివి ఆ దేశానివే. మన ఎనిమిదికి చివర రెండు సున్నాలు తగిలిస్తే అమెరికా కోడ్ అయిపోదు.

నాకు బాగా నచ్చిన సైటు మాత్రం రూలింగ్స్ డాట్ సీబీపీ డాట్ గవ్. ఫలానా వస్తువుకు ఫలానా కోడ్ ఎందుకు ఇచ్చామో అమెరికా కస్టమ్స్ అధికారులు రాసిన ఉత్తరాలు అందులో ఉంటాయి. ఇంగ్లిష్‌లో 'శారీ' అనో 'వుడెన్ ఫిగరిన్' అనో వెతికి నాలుగు ఉత్తరాలు చదివితే వాళ్లు దేన్ని పట్టించుకుంటారో అర్థమవుతుంది. చాట్‌బాట్‌ను కూడా కోడ్ అడగకండి. 'ఈ వస్తువు ఏయే హెడింగ్‌ల కిందికి రావచ్చు, తేల్చడానికి నేను ఏం చెప్పాలి' అని అడగండి. ఆ పనికి అది బాగానే పనికొస్తుంది. అది చెప్పిన హెడింగ్‌లను సైటులో మీరే చదివి చూసుకోండి.

వివరణ గడిలో 'హ్యాండీక్రాఫ్ట్స్' అని మాత్రం రాయొద్దు. ఏటికొప్పాక బొమ్మలు పంపుతూ నేను ఒకసారి అదే రాశాను. పెట్టె వారం రోజులు ఎక్కడో ఆగిపోయింది, చివరికి 'లోపల ఏముంది సార్' అని కొరియర్ ఆఫీసు నుంచి ఫోన్. 'గిఫ్ట్' అని రాయమనే సలహా అయితే అసలు వినకండి. 800 డాలర్ల లోపు పార్సిల్‌కు సుంకం లేని సౌకర్యాన్ని అమెరికా 2025 ఆగస్టు 29 నుంచి నిలిపేసింది కాబట్టి ఇప్పుడు చిన్న పెట్టెకు కూడా కోడ్, వివరణ సరిగ్గా ఉండాలి.

ప్రశ్న: ఆవకాయ, గోంగూర పచ్చళ్లు పంపుతాం. జీఎస్‌టీ బిల్లులో వేసే 2001 కోడే ఎగుమతికీ వేయొచ్చా? (కాకినాడ)

జవాబు: 2001 హెడింగ్ మాటలు చూడండి: వెనిగర్ లేదా ఎసిటిక్ యాసిడ్‌తో తయారుచేసిన, నిల్వచేసిన కూరగాయలు, పండ్లు. మీ ఆవకాయలో ఉప్పు, కారం, ఆవపిండి, నూనె తప్ప వెనిగర్ చుక్క లేకపోతే, పండ్లను వేరే పద్ధతుల్లో నిల్వచేసే 2008 చూడాలి. గోంగూర ఆకుకూర కాబట్టి దానికి 2005. వెనిగర్ కలిపితే మాత్రం 2001 సరిపోతుంది. అంటే కోడ్ తేలేది సీసా లేబుల్ మీది పదార్థాల జాబితాతోనే. అమెరికాకైతే ఆహార పదార్థాలకు ఎఫ్‌డీఏకు (అక్కడి ఆహార, ఔషధ సంస్థకు) ముందస్తు నోటీసు కూడా ఉంటుంది, కొరియర్ వాళ్లను అడగండి.

ప్రశ్న: మిరపపొడి, పసుపు కోడ్లు ఎక్సెల్‌లో కొట్టి షిప్పింగ్ సైటుకు అప్‌లోడ్ చేస్తే 'ఇన్‌వాలిడ్ కోడ్' అంటోంది. కోడ్లు సరైనవే. (గుంటూరు)

జవాబు: కోడ్లు సరైనవే, ఎక్సెల్ ముందున్న సున్నా మింగేసింది. గడిలో మిరపపొడి కోడ్ 090422 కొట్టి ఎంటర్ నొక్కి చూడండి, 90422 మిగులుతుంది. కోడ్లు కొట్టకముందే ఆ కాలమ్ ఎంచుకుని ఫార్మాట్ సెల్స్‌లో 'టెక్స్ట్' పెట్టండి. సీఎస్‌వీ ఫైలైతే డబుల్ క్లిక్‌తో తెరవకండి. డేటా మెనూలో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' ద్వారా తెచ్చి ఆ కాలమ్ రకం టెక్స్ట్‌గా మార్చండి. సున్నాలు ఇప్పటికే పోయి ఉంటే ఫార్మాట్ సెల్స్‌లో 'కస్టమ్' తీసుకుని ఆరు సున్నాలు టైప్ చేసి సీఎస్‌వీగా సేవ్ చేయండి. సరిగ్గా వచ్చిందో లేదో నోట్‌ప్యాడ్‌లో చూడండి. మళ్లీ ఎక్సెల్‌లో తెరిస్తే కథ మొదటికొస్తుంది.

ఎర్రర్ రావడం ఒకరకంగా మీ అదృష్టమే. మిరపపొడికి మిగిలిన 90422లో ముందు కనిపించే 9042 అనే హెడింగ్ అసలు లేదు. పసుపు కోడ్ 091030లో సున్నా పోతే మాత్రం ముందు 9103 కనిపిస్తుంది, అది నిజంగానే ఉంది. గడియారాలది.