గది వెచ్చగా ఉండాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: హీటర్ వేశాక గదిలో థర్మామీటర్ 20 డిగ్రీలు చూపిస్తోంది. అయినా కిటికీ పక్కన కూర్చుంటే వణుకు తగ్గట్లేదు. ఇంకా పెద్ద హీటర్ కొనాలా?

వద్దు. థర్మామీటర్ గాలి సంగతే చెబుతుంది. మీ ఒంటి వేడి మాత్రం ఎదురుగా ఉన్న చల్లటి గోడకూ అద్దానికీ కూడా పోతూనే ఉంటుంది. బయట 5, లోపల 20 డిగ్రీలు ఉన్నప్పుడు ఒకే పొర ఉన్న కిటికీ అద్దం లోపలి ముఖం 9 డిగ్రీల దగ్గరే ఉంటుంది. దాని పక్కన కుర్చీ వేసుకుని హీటర్‌ను తిట్టుకుని లాభం లేదు. ముందు కుర్చీని లోపలి గోడ వైపు జరపండి. పైసా ఖర్చు లేని పని ఇది.

తర్వాత కర్టెన్లు. గుడ్డ మందం ఎంత ముఖ్యమో కొలత కూడా అంతే ముఖ్యం. చాలా ఇళ్లలో కర్టెన్ కిటికీ గట్టు దాకా వచ్చి ఆగిపోతుంది. అప్పుడు గదిలోని వెచ్చటి గాలి పైనుంచి కర్టెన్ వెనక్కి దూరి, అద్దానికి తగిలి చల్లబడి, బరువెక్కి కింది నుంచి మీ పాదాల మీదికి దిగుతుంది. కిటికీలు, తలుపులు బిగించి ఉన్నా గాలి వీస్తున్నట్టు అనిపించేది ఇందుకే. కర్టెన్ నేలను తాకాలి, పక్కలకు చట్రం దాటి చెరో 15 సెంటీమీటర్లు రావాలి, పైన సందు లేకుండా అడ్డచెక్క గానీ మడత గుడ్డ గానీ ఉండాలి. కుచ్చిళ్లు పడేందుకు గుడ్డ వెడల్పు కిటికీకి ఒకటిన్నర నుంచి రెండు రెట్లు తీసుకోండి. లోపలి వైపు ఇంకో పొర అస్తరు కుట్టిస్తే మరీ మంచిది. ఎండ పడే కిటికీల కర్టెన్లు పగలంతా తీసి ఉంచి, పొద్దు వాలకముందే వేసేయండి. చీకటి పడ్డాక వేస్తే అప్పటికే కొంత వేడి పోయి ఉంటుంది.

ఇక సందులు. గాలి బాగా వీచే రోజు ఫ్యాన్లు ఆపి, తలుపులన్నీ మూసి, వెలిగించిన అగరుబత్తిని చట్రం అంచుల వెంట నెమ్మదిగా తిప్పండి (కర్టెన్లు ముందే పక్కకు కట్టేయండి). పొగ వంగిన చోటల్లా సందు ఉన్నట్టే. 90 సెంటీమీటర్ల వెడల్పు తలుపు కింద ఒక సెంటీమీటరు ఖాళీ ఉందంటే, గోడకు అరచేయంత కన్నం పెట్టినట్టే లెక్క. తలుపు అడుగున రబ్బరు పట్టీ బిగించండి. లేదంటే తలుపు కంటే 10 సెంటీమీటర్లు పొడవుగా గుడ్డ గొట్టం కుట్టి, అందులో ఇసుక, పాత గుడ్డలు కూరి అడ్డం పెట్టండి. ఉత్త గుడ్డలైతే తలుపు తోసినప్పుడల్లా జారిపోతుంది, ఇసుక బరువు దాన్ని కదలనివ్వదు.

కిటికీలకు స్పాంజి టేపు చాలు. రెక్క మూసినప్పుడు చట్రానికి ఆనే ముఖం మీద అంటించాలి. వారానికే ఊడిపోయిందంటే తప్పు టేపుది కాదు, కింది దుమ్ముది. తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే అంటించండి. మందం సందు కంటే కాస్తే ఎక్కువ ఉండాలి. మరీ మందమైతే గడియ పడదు, బలవంతంగా నొక్కితే రెక్క వంగుతుంది.

గ్యాస్ పొయ్యి, గ్యాస్ గీజర్ ఉన్న గదుల్లో గాలి రంధ్రాలను మాత్రం ఎప్పుడూ మూయకండి. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోవడం అంతకన్నా ప్రమాదం. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రలో ఉన్నవాళ్లకు తెలిసేలోపే ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: ఆయిల్ హీటర్ కరెంటు తక్కువ తింటుందంటారు, నిజమేనా? మామూలు హీటర్ గాలిలో ఆక్సిజన్‌ను కాల్చేస్తుందా?

రెండూ నిజం కాదు. 1000 వాట్ల హీటర్ ఏ రకమైనా ఆగకుండా గంట నడిస్తే ఒక యూనిట్ కాలుతుంది, ఒకే వేడి ఇస్తుంది. తేడా ఆ వేడి చేరే తీరులోనే. ఎర్రగా మెరిసే కడ్డీల హీటర్ ఎదురుగా ఉన్న మనిషిని నిమిషంలో వెచ్చబరుస్తుంది, ఆపగానే ఏమీ మిగలదు. ఆయిల్ హీటర్ వేడెక్కడం ఆలస్యం, చల్లారడమూ ఆలస్యమే. చప్పుడు లేదు కాబట్టి పడకగదికి అదే నయం. ఆక్సిజన్ సంగతికొస్తే, కరెంటు హీటర్‌లో మంటే లేదు. హీటర్ వేసినప్పుడు గొంతు ఎండడానికి కారణం వేరు. 10 డిగ్రీల దగ్గర 60 శాతం తేమ ఉన్న గాలిని 22 డిగ్రీలకు వేడి చేస్తే, నీటి చుక్క తగ్గకపోయినా తేమ శాతం 30 లోపుకు పడిపోతుంది.

2000 వాట్ల హీటర్ 230 వోల్టుల లైను మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్‌కు గానీ సన్నని ఎక్స్‌టెన్షన్ బోర్డుకు గానీ తగిలించకండి. ప్లగ్గు ముట్టుకుంటే కాలుతోందంటే లోపల పట్టు వదులైందని అర్థం. వెంటనే ఆపండి. పరుపుకూ కర్టెన్‌కూ మీటరు దూరం ఉండాలి.

ప్రశ్న: సందులన్నీ మూశాం. ఇప్పుడు తెల్లారేసరికి అద్దాల మీద నీళ్లు, బీరువా వెనక గోడకు నల్ల బూజు!

లోపలి తేమకు బయటికి దారి లేకపోవడమే కారణం. ఊపిరి, వంట, స్నానం, అన్నిటికన్నా ముఖ్యంగా గదిలో ఆరేసిన తడిబట్టలు. రోజుకు రెండుసార్లు ఎదురెదురు కిటికీలు బార్లా తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. వేడంతా పోతుందేమోనని భయం వద్దు. గోడలు, సామాను దాచుకున్న వేడితో పోలిస్తే గాలిలో ఉండేది చాలా తక్కువ. మళ్లీ మూయగానే గది తొందరగానే కోలుకుంటుంది. రోజంతా కిటికీ ఓరగా ఉంచితేనే నష్టం, గోడలు కూడా చల్లబడతాయి. బీరువాను బయటి గోడకు 5 నుంచి 10 సెంటీమీటర్లు ఎడంగా జరపండి. బూజును పొడిగా రుద్దితే గదంతా చిమ్ముతుంది. ముక్కుకు మాస్కు కట్టుకుని సబ్బునీళ్ల గుడ్డతో తుడిచి, గోడ ఆరనివ్వండి.

ప్రశ్న: గది వెచ్చగానే ఉంది, కానీ ఆసుపత్రిలా కనిపిస్తోంది.

బల్బు డబ్బా మీద 6500 కెల్విన్ (తెల్లటి, చల్లని ఛాయ వెలుగు) అని ఉందేమో చూడండి. సాయంత్రాలకు 2700 కెల్విన్‌వి, అంటే పసుపు ఛాయ వెలుగువి, పెట్టండి. పైకప్పుకు ఒకే పెద్ద దీపం బదులు, కూర్చున్నప్పుడు కళ్ల ఎత్తుకు కిందుగా రెండు మూడు చిన్నవి చాలు.

ప్రశ్న: మా అమ్మకు 70 దాటాయి. రెండు రగ్గులు కప్పినా చలే అంటుంది.

చలి కింది నుంచి వస్తోంది. ఒంటి బరువుకు పరుపు అణిగి, అందులో వెచ్చదనాన్ని ఆపే గాలి పోతుంది. ఒక రగ్గు తీసి, పరుపు మీద వేసే దుప్పటి కింద పరవండి. పైన తేలికైన దూది బొంత ఒంటికి దగ్గరగా, దాని మీద దగ్గర నేత దుప్పటి. బరువైన రగ్గు పైన వేస్తే బొంత అణిగిపోతుంది, పని చేయదు. పెద్దవాళ్లుండే గది 18 డిగ్రీల కంటే తగ్గకుండా చూడండి.

వేడినీళ్ల సంచి వాడితే మరిగే నీళ్లు పోయకండి. మూడింట రెండు వంతులు నింపి, నీళ్లు మూతి దాకా వచ్చేలా నొక్కి గాలి తీసేసి, మూత బిగించి, తలకిందులు చేసి చూడండి. గుడ్డ తొడుగు వేసి, పడుకోవడానికి అరగంట ముందు పక్కలో పెట్టి, ఆమె పడుకునేటప్పుడు తీసేయండి. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవాళ్లకు కాలినా తెలియదు. రబ్బరును వంచి చూసినప్పుడు సన్నని పగుళ్లు కనిపిస్తే ఆ సంచి పారేయాల్సిందే.