కోడి రామెన్ షాపుకి వెళ్లే ముందు

చి. సౌ. సింధుకి,

బాబాయ్ ఆశీస్సులు. అన్నయ్యకీ వదినకీ టోక్యో చూపించడానికి తీసుకొస్తున్నావని విని చాలా సంతోషమేసింది. మీరు దిగే వారం నేను ఆఫీసు పని మీద ఒసాకాలో ఉంటాను. కాబట్టి నువ్వు అడిగిన కోడి రామెన్ (సూప్‌లో వేసిచ్చే జపనీస్ నూడుల్స్) షాపుకి మీ నలుగురే వెళ్లాలి. టెన్షన్ పడాల్సిందేమీ లేదు గానీ, కొన్ని సంగతులు ముందే చెప్తాను.

రామెన్ గిన్నె ముందుకొచ్చిన దగ్గర్నుంచి నూడుల్స్ సూప్ పీల్చుకుని మెత్తబడుతూనే ఉంటాయి. పది నిమిషాలు దాటితే ఆ రుచి ఉండదు. షాపు చూస్తే ఎనిమిదో పదో కుర్చీలు, బయట క్యూ. అక్కడ మీకు వింతగా అనిపించే పద్ధతులు చాలావరకు ఇందులోంచే పుట్టాయి.

కోడి సూప్‌లో రెండు రకాలు. తోరి పైతాన్ అంటే కోడి ఎముకలూ కాళ్లూ గంటల తరబడి తెర్ల కాచేది. కొవ్వూ ఎముకల్లోని జిగురూ నీళ్లలో కలిసిపోయి తెల్లగా, చిక్కగా వస్తుంది. పాయా తాగినప్పటిలా పెదాలు అంటుకుంటాయి. చింతాన్ అంటే సన్న సెగ మీద, పొంగు రానివ్వకుండా తీసిన తేట సూప్. మొదటిసారి అయితే నా ఓటు పైతాన్‌కే. టోక్యోలోని గింజా ప్రాంతంలో కగరి అనే షాపుకి దీనికి బాగా పేరుంది, క్యూ కూడా దానికి తగ్గట్టే ఉంటుంది.

ఇక అసలు విషయం. పేరులో కోడి ఉంది కదా అని వదినకి భరోసా ఇచ్చేయకు. సూప్ కోడిదే అయినా పైన పరిచే చాషూ అనే మాంసం ముక్కలు పందివి కావచ్చు. నూనెలో పంది కొవ్వు ఉండొచ్చు, ఎండు చేపల సారం కలిపే షాపులూ ఉన్నాయి. టికెట్ కొనకముందే అడగాలి. 'బుతానికు హైత్తే ఇమాస్ కా?' అంటే పంది మాంసం ఉందా అని. పలకడం కష్టమైతే ఫోన్‌లో జపనీస్‌లో రాసి చూపించు. చాషూ వద్దంటే మానేస్తారు. గిన్నె అడుగున వేసే తారె అనే మసాలా రసాన్నీ, పొద్దున్నే కాచి పెట్టిన సూప్‌నీ మాత్రం ఎవరి కోసమూ మార్చలేరు. ఉందంటే తల వంచి ఓ నమస్కారం పెట్టి వచ్చేయండి, ఎవరూ ఏమీ అనుకోరు. శనివారం వదిన నీసు ముట్టదు కాబట్టి ఆ రోజు అసలు పెట్టుకోకు. ఆ రోజుకి టోక్యో స్టేషన్ లోపల టీస్ తాన్‌తాన్ అని మాంసం, చేప, గుడ్డు ఏవీ వాడని రామెన్ షాపు ఉంది.

ఇంకొకటి, కోడి చాషూ చాలా చోట్ల తక్కువ వేడి మీద వండుతారు, ముక్క లోపల గులాబీ రంగులో ఉంటుంది. వదిన చూస్తే పచ్చిదనే అంటుంది. ఆ మాట పూర్తిగా తీసెయ్యడానికీ లేదు, సరిగా ఉడకని కోడితో కడుపు పాడయ్యే ప్రమాదం నిజంగానే ఉంది. అనుమానంగా ఉంటే ఆ ముక్కల్ని తినకుండా వదిలేయండి.

చాలా షాపుల్లో తలుపు దగ్గరే టికెట్ మెషిన్ ఉంటుంది. ముందు డబ్బు పెట్టాలి, అప్పుడే బటన్లు వెలుగుతాయి. మెనూ అర్థం కాకపోతే పైన ఎడమ వైపు మొదటి బటన్ చూడండి, సాధారణంగా ఆ షాపు పేరుమోసిన వంటకం అదే. చిల్లర రాకపోతే పక్కనున్న లివర్ తిప్పాలి. పాత మెషిన్లు 1,000 యెన్ నోటు తప్ప పెద్ద నోట్లు తీసుకోవు. 2024 జులైలో కొత్త నోట్లు వచ్చాయి, వాటిని మింగని మెషిన్లు కూడా ఉన్నాయి. అందుకని పాత వెయ్యి నోట్లు, నాణేలు దగ్గర పెట్టుకోండి. గిన్నె 1,000 యెన్ చుట్టుపక్కల ఉంటుంది, గింజాలో ఇంకా ఎక్కువే. టికెట్ ఇచ్చాక నూడుల్స్ ఎంత గట్టిగా కావాలని అడిగితే 'ఫుత్సూ' అనండి, మామూలుగా చేసిస్తారు.

క్యూలో నలుగురూ ఉండాలి. అల్లుడిని నిలబెట్టి మీరు షాపింగ్‌కి పోతే కుదరదు. నలుగురికీ పక్కపక్కనే చోటు దొరక్కపోవచ్చు, విడివిడిగా కూర్చోండి, ఏం కాదు. 'నాకొద్దులే, అల్లుడి గిన్నెలో రెండు చెంచాలు రుచి చూస్తా' అని వదిన అంటుంది చూడు, అది చెల్లదు. కూర్చున్న మనిషికి ఒక గిన్నె. పెద్ద సూట్‌కేసులు హోటల్లోనో స్టేషన్ లాకర్లోనో వదిలి వెళ్లండి.

గిన్నె రాగానే ఒక్క ఫోటో, అదీ మీ గిన్నెకే. ముందు చెంచాతో సూప్ రెండు గుక్కలు తాగి, తర్వాత నూడుల్స్ జుర్రుకోండి. చప్పుడు చేస్తూ తినడం అక్కడ తప్పు కాదు. ఇన్నేళ్లుగా వదిన చేత తిట్లు తిన్న అన్నయ్యకి ఇక పండగే! కారం చాల్లేదనిపిస్తే టేబుల్ మీద మిరియాల పొడో రాయూ అనే మిరప నూనెయో ఉంటుంది. బ్యాగులోంచి ఆవకాయ సీసా మాత్రం తీయనివ్వకు, బయటి తిండి ఒప్పుకోరు.

తిన్నాక గిన్నె కౌంటర్ మీద ఎత్తుగా ఉన్న గట్టు మీద పెట్టి, 'గొచిసోసామా' (భోజనానికి థ్యాంక్స్) అని లేచి వచ్చేయండి. టిప్పు ఇవ్వకండి, ఇస్తే వెంటపడి తిరిగిచ్చేస్తారు. కబుర్లన్నీ పక్కనే ఏదైనా కాఫీ షాపులో చెప్పుకోవచ్చు.

సూప్ అయిపోతే బోర్డు తిప్పేసి షాపు మూసేస్తారు, టైమ్ ఇంకా ఉన్నా సరే. అందుకే మధ్యాహ్నం భోజనానికి అయితే తెరిచే వేళకి పావుగంట ముందే వెళ్లి నిలబడండి. వెళ్లే రోజు సెలవేమో మ్యాప్‌లో ఒకసారి చూసుకో.

ఇట్లు,
బాబాయ్