బార్లీ చేను కింద ఇనుప యుగం

ప్రశ్న: మా అమ్మాయి ఎడింబరోలో ఉంటోంది. ఈ వేసవిలో తనతో కలిసి తూర్పు లోథియన్ పల్లెలు చూశాం. పటంలో రక్షిత ప్రాచీన ఆవరణ అని ఉన్నచోట గోడ లేదు, గట్టు లేదు, ఒట్టి బార్లీ చేను. దాన్ని ఏటా దున్నుతారట కూడా. ఏమీ లేనిచోట ప్రభుత్వం కాపాడుతున్నదేమిటి?

జవాబు: నేల కింద ఉన్నదానిని, అమ్మా. ఇనుప యుగంలో ఆ ప్రాంతపు రైతులు తమ నివాసం చుట్టూ కందకం తవ్వి, ఆ మట్టినే కట్టగా పోసి, లోపల గుండ్రటి ఇళ్లు కట్టుకునేవారు. తరతరాల దుక్కికి కట్ట చదునైపోయింది కాని, కందకం పూడిందే తప్ప చెరిగిపోలేదు. అందులో మట్టి లోతుగా, చెమ్మగా ఉంటుంది కనుక వానలు ముఖం చాటేసిన వేసవిలో చుట్టూ పైరు పండుబారుతున్నా కందకం మీది బార్లీ మాత్రం ఏపుగా, పచ్చగా నిలిచి, విమానంలోంచి చూసేవారికి ఆకుపచ్చ వలయంలా కనబడుతుంది. స్కాట్లాండ్‌లో 1976లో మొదలైన ప్రభుత్వ విమాన సర్వే ఇలాంటివి ఎన్నో బయటపెట్టింది.

లోపల ఏముంటుందో డన్‌బార్ సమీపంలోని బ్రాక్స్‌మౌత్ చెబుతుంది. సున్నపురాయి గనికి బలికానున్న ఆ స్థలాన్ని 1977, 1978లలో తవ్విచూస్తే, కొన్ని వందల ఏళ్లు జనం కాపురమున్న ఆనవాళ్లు దొరికాయి. పాత ఇంటి గోడల లోపలే కొత్త ఇల్లు కట్టుకున్న జాడ కూడా ఉంది.

ప్రాచీన కట్టడాల రక్షణకు బ్రిటన్ చేసిన 1979 చట్టం ప్రకారం ఇలాంటి స్థలానికి పటం మీద హద్దు గీసి జాబితాలో చేరుస్తారు. ఇప్పుడు ఆ పని చేసేది హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్ అనే ప్రభుత్వ సంస్థ. భూమి మాత్రం రైతుదే. ఆ హద్దులో మురుగు గొట్టాలు వేయాలన్నా, మొక్కలు నాటాలన్నా రాతపూర్వక అనుమతి కావాలి. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్ వాడటం నేరం. మన దేశంలో కేంద్ర రక్షిత కట్టడానికి ఉన్నట్లు 100 మీటర్ల నిషేధిత ప్రాంతం అక్కడ లేదు.

ఇక దుక్కి సంగతి. అప్పటికే సాగులో ఉన్న పొలాన్ని మునుపటి లోతు మించకుండా దున్నుకోవడానికి 1996 నాటి ఉత్తర్వు వీలిచ్చింది. రైతు జీవనాన్ని తలచి చేసిన రాజీ ఇది, కాని నా దృష్టిలో బలహీనమైన రాజీ. వాలు పొలంలో పైమట్టి కిందికి జారుతూ ఉంటే, అదే లోతున నడిచిన నాగలి కూడా క్రమంగా కందకపు పూడికను గీరేస్తుంది.

కట్టలు కళ్లారా చూడాలనుకుంటే ఈసారి డ్రెమ్ దగ్గరి చెస్టర్స్ కోటకు వెళ్లండి. పక్కనున్న ఎత్తైన గట్టు మీద నిలబడితే కోట లోపలంతా కనబడుతుంది. రక్షణ కోసమే కట్టారంటే నమ్మబుద్ధి కాదు.